ఆడపిల్లకిచ్చిన మూల ముక్క ఎన్ని గుంటలు?

మా వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద రాసిచ్చే పొలం, నేను చూసినంతవరకు, నాలుగు పలకలుగా ఉండదు. బండి దారి పక్కన, బోరు దగ్గర, చదునుగా ఉన్న మడులు అన్నదమ్ముల వాటాకు పోతాయి. కాలువ అవతల మిగిలిన మూల, రోడ్డు కోసుకుపోగా మిగిలిన చెలక, వాగు ఒడ్డున ఒంపు తిరిగిన గట్టు పక్క ముక్క కూతురి పేరున రాస్తారు. ఇస్తున్నారు కదా, అదే సంతోషం అనుకుంటాం మనం. ఎంత ఇస్తున్నారో కాగితం మీద ఉంటుంది. ఆ అంకె ఎట్లా వచ్చిందని అడిగే ఆడమనిషిని నేను ఇప్పటిదాకా ఒక్కరినే చూశాను. ఆమె గురించి చెప్తాను కానీ, ముందు ఈ మూల ముక్కలు మా దగ్గర ఎందుకు ఇన్ని ఉన్నాయో చెప్పాలి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వెళ్ళినవాళ్ళకు సాగర్ ఎడమ కాలువ తెలుసు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. మా ప్రాంతం అన్నం తింటున్నది, మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులు నడుస్తున్నది ఆ నీళ్ళ వల్లనే. అయితే కాలువకు సర్వే నంబర్లతో పనిలేదు. నీళ్ళు పల్లం చూసుకుంటాయి, కాలువ నేల వాలు పట్టుకుని వంకర్లు పోతుంది. పలకగా ఉన్న పొలంలోంచి అది ఏటవాలుగా పోయినచోటల్లా ఒక పక్క పెద్ద చెక్క, ఇంకో పక్క మూడు మూలల ముక్క మిగిలింది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే పెద్ద రోడ్డు పక్కనా ఇంతే. ఊళ్ళల్లో ఇళ్ళ స్థలాలైతే వాస్తు బాగోదని మూడు మూలల ప్లాటు ఎవరూ కొనరు. పొలానికి వాస్తు లేదు కాబట్టి అది ఆడపిల్లకు పనికొస్తుంది!

మా పెద్దమ్మ కూతురికి అట్లాంటి ముక్కే వచ్చింది. కాగితంలో 2 ఎకరాల 18 గుంటలు. పదేళ్ళు కౌలుకిచ్చుకుంది. కొడుకు చదువు కోసం అమ్ముదామని బేరం పెడితే, కొనేవాళ్ళు సర్వేయర్‌ను తెచ్చుకున్నారు. తేలింది 2 ఎకరాల 4 గుంటలు. పద్నాలుగు గుంటలు లేవు! ఎవరూ గట్టు జరపలేదు, ఎవరూ దున్నుకోలేదు. హద్దురాళ్ళు పాతినచోటే ఉన్నాయి. గుంటకు 121 గజాల లెక్కన 1694 గజాలు. సూర్యాపేటలో మేం ఇల్లు కట్టుకున్నది 150 గజాల్లో. అట్లాంటివి పదకొండు ఇళ్ళు పట్టే జాగా గాలిలో కలిసిపోయింది.

వాళ్ళన్న మోసగాడు కాడు. "నేనేం తినలేదు చెల్లె, అప్పుడు పెద్దమనుషులు కొలిసిన్రు, నేను సంతకం పెట్టిన" అన్నాడు. అది నిజమే. మా అక్క మాత్రం అక్కడితో ఊరుకోలేదు. "ఎట్ల కొలిసిన్రో చెప్పు అన్నా" అంది. అడిగింది ఆ ఒక్క మాటే.

పెద్దమనుషులు కొలిచిన పద్ధతి ఇది. పొలానికి ఎదురెదురు గట్లను కలిపి సగం చేస్తారు. మిగతా రెండు గట్లనూ కలిపి సగం చేస్తారు. ఆ రెండిటినీ గుణిస్తారు. పలకగా ఉన్న మడికి ఇది సరిగ్గా సరిపోతుంది. మూడు గట్ల పొలానికి నాలుగో గట్టు సున్నా అనుకుంటారు. అంటే రెండు పక్కల గట్లను కలిపి సగం, అడుగు గట్టులో సగం, రెండిటి గుణకారం. లెక్క తేలిగ్గా ఉండడానికి మా అక్క పొలం కొలతలను నిండు గొలుసులకు సర్ది చెప్తున్నాను. 33 అడుగుల గొలుసుతో అడుగు గట్టు 14 గొలుసులు, పక్క గట్లు 13, 15. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు ఉన్న జాగా సరిగ్గా ఒక గుంట, 40 గుంటలు ఎకరం. 13, 15 కలిపి సగం 14. అడుగు గట్టులో సగం 7. పద్నాలుగేళ్ళు 98 గుంటలు, అంటే 2 ఎకరాల 18 గుంటలు. కాగితంలో ఉన్నది ఇదే.

ఇప్పుడు మనం బడిలో చదువుకున్నది గుర్తు చేసుకోండి. భూమి ఇంటూ ఎత్తు, అందులో సగం. ఆ పొలానికి ఎదురు మూల నుంచి అడుగు గట్టు మీదికి నిట్టనిలువుగా కొలిస్తే 12 గొలుసులే వస్తుంది. 14 పన్నెండ్లు 168, సగం 84 గుంటలు. 2 ఎకరాల 4 గుంటలు. సర్వేయర్‌కు వచ్చిందీ ఇదే.

పెద్దమనుషుల లెక్క ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ చూపితే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. పోయినచోట పోయింది, వచ్చినచోట వచ్చింది అనుకునేదాన్ని. అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఎందుకంటే పక్క గట్టు ఏటవాలుగా పడి ఉంటుంది, ఎత్తు నిలువుగా ఉంటుంది. గోడకు ఆనించిన నిచ్చెన పొడుగు, అది అందుకున్న గోడ ఎత్తు కంటే తక్కువ ఎప్పుడైనా ఉంటుందా? వాళ్ళు ఎత్తు బదులు నిచ్చెనలను కొలిచి సగటు కట్టారు. ఇదే పొలానికి 13 గొలుసుల గట్టును అడుగు అనుకుని లెక్కేస్తే వాళ్ళ పద్ధతిలో 94 గుంటల పైన వస్తుంది. 15 గొలుసుల గట్టును అడుగు అనుకుంటే 101 దాటుతుంది. ఒకే పొలానికి మూడు విస్తీర్ణాలు, మూడూ అబద్ధాలే, మూడూ ఒకవైపే. ఏటవాలు ఎంత ఎక్కువుంటే అబద్ధం అంత పెద్దది. ఏటవాలు ముక్కలు ఎవరికి పోతాయో పైన చెప్పాను.

ఇన్నేళ్ళు ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, కాగితం మీద ఎక్కువ ఉంటే ఎవరికి బాధ? 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరాకు పంటకు 4000 రూపాయలు పాసుపుస్తకంలో ఉన్న అంకెను బట్టే వేశారు. లేని పద్నాలుగు గుంటలకూ పైసలు పడ్డాయి. అమ్మబోయిన రోజునో, కాలువకో రోడ్డుకో పోయిన రోజునో మాత్రం నేల మీద ఎంత ఉందో అంతకే పైసలు.

నేను బీఏలో తెలుగు చదివాను, లెక్కలు కాదు. అయినా ఈ విషయంలో నాకు దారి చూపింది తెలుగే. బడి పుస్తకంలో త్రిభుజం అడుగు భుజాన్ని 'భూమి' అని ఎందుకన్నారు? వైశాల్యాన్ని పాత పుస్తకాల్లో 'క్షేత్రఫలం' అని ఎందుకన్నారు? క్షేత్రమంటే పొలం, దాని ఫలం క్షేత్రఫలం. ఈ లెక్క పొలం గట్టు మీద పుట్టిందని ఆ మాటలే చెప్తున్నాయి. పరీక్ష పేపర్లోకి అది తర్వాత వచ్చింది. ఆర్యభటుడు 499 నాటికే భూమిలో సగాన్ని లంబంతో గుణించమని చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇచ్చిన త్రిభుజం చూస్తే మా అక్క పొలమే అనిపిస్తుంది. భూమి 14, భుజాలు 13, 15. పద్నాలుగుకు 'మనువు' అనీ, పదిహేనుకు 'తిథి' అనీ మాటలతో అంకెలు చెప్పాడాయన. నేను అవధానాల్లో, ఛందస్సులో విన్న సంఖ్యా సంకేతాలే ఇవి, పొలం కొలతకు వాడారని అప్పుడు తెలియలేదు.

పెద్దమనుషుల లెక్క కూడా పాతదే, వాళ్ళు సొంతంగా కల్పించింది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు ఆ సగటు పద్ధతిని చెప్పి, దానికి స్థూలం అని పేరు పెట్టాడు. అసలు లెక్కకు సూక్ష్మం అన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో కన్నడ దేశంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వ్యవహారానికి ఒకటి, సూక్ష్మానికి ఒకటి అని రెండూ విడివిడిగా చెప్పాడు. ఆ పుస్తకాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సాహిత్య చరిత్రలో మేం తెలుగులో మొదటి గణిత గ్రంథమని రెండు మార్కుల ప్రశ్నకు జవాబుగా నేర్చుకుని వదిలేసిన పుస్తకం అది. నన్నయ్య మీద పది పేజీలు రాయించారు, మల్లన మీద పేరు తప్ప ఏమీ అడగలేదు. రైతు లెక్క పద్యంలో చెప్పిన కవి మీద అంత చిన్నచూపు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. సరే, చెప్పొచ్చేదేమిటంటే, ఉజ్జాయింపును ఉజ్జాయింపని రాసిపెట్టిన పెద్దలు వేరు. ఆ సగం పుస్తకమే పట్టుకుని స్టాంపు కాగితం మీద గుంటలు రాసిన పెద్దలు వేరు.

కొలవడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. మూడు గట్లలో పొడుగుదాన్ని భూమిగా పెట్టుకోండి. ఎదురు మూల దగ్గర ఒకరు టేపు కొస పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు టేపు లాగి పట్టుకుని భూమి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. టేపు మొదట ఎక్కువ చూపిస్తుంది, తగ్గుతూ వస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. అన్నిటికంటే తక్కువ చూపించిన అంకె ఎత్తు. అంతే. మేస్త్రీలు ఇంటికి ముగ్గు పోసేటప్పుడు 3, 4, 5 అడుగుల లెక్కతో మూలమట్టం చూస్తారే, ఆ గుర్తు దగ్గర అది కూడా చూసుకుంటే ఇంకా గట్టి. టేపు చాలక తాడు వాడితే నైలాన్ తాడు వద్దు, సాగుతుంది. అడుగుల్లో వచ్చిన భూమిని, ఎత్తును గుణించి, సగం చేసి, 1089తో భాగిస్తే గుంటలు.

పొలంలో పత్తి నిలబడి ఉండో, మడి నిండా నీళ్ళుండో నడుమ టేపు లాగే వీలు లేకపోతే మూడు గట్లు కొలిస్తే చాలు. మూడూ కలిపి సగం చేయండి. మా అక్క పొలానికి 21. ఆ 21లోంచి ఒక్కో గట్టునూ తీసేస్తే 8, 7, 6. నాలుగు అంకెలనూ గుణిస్తే 7056. దానికి వర్గమూలం 84. ఫోన్ క్యాలిక్యులేటర్‌ను అడ్డం తిప్పితే వర్గమూలం గుర్తు కనపడుతుంది. అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన పేరుతో ఈ సూత్రం బళ్ళలో చెప్తారు, బ్రహ్మగుప్తుడూ ఇచ్చాడు. దీన్ని నేను మొదట పరీక్షించింది పొలం మీద కాదు, మా మూడు ఊళ్ళ మీద. సూర్యాపేట నుంచి కోదాడకు ఆకాశంలో గీత గీస్తే సుమారు 40 కిలోమీటర్లు, సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు 30, కోదాడ నుంచి మిర్యాలగూడకు 45. ఈ సూత్రంతో ఆ మూడు ఊళ్ళ మధ్య జాగా దాదాపు 590 చదరపు కిలోమీటర్లు. పెద్దమనుషుల లెక్కలో 787. ఇంకో రెండు వందల చదరపు కిలోమీటర్ల పొలం ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మా పిల్లలు చాలాసేపు నవ్వారు.

నాలుగు గట్ల పొలమైతే నాలుగు గట్లు కొలిచి ఊరుకుంటే కుదరదు. నులక మంచం తెలుసు కదా, కుదురు తప్పితే పక్కకు ఒరుగుతుంది. పట్టెల పొడుగు మారదు, పడుకునే జాగా తగ్గుతుంది. పొలం కూడా అంతే. ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా కూడా కొలిచి, రెండు త్రిభుజాలు చేసి, రెండిటినీ కలపాలి. మూడు మూలలది మాత్రం ఒరగదు. మూడు గట్లు సరిగ్గా కొలిస్తే అందులో ఎవరూ మాయ చేయలేరు. ఆడపిల్లకిచ్చే ముక్కకు ఉన్న ఒకే ఒక్క మంచిగుణం ఇది.

ఇదంతా మగవాళ్ళ పని, మనకెందుకు అనే మాట నేను ఒప్పుకోను. పదిహేను మందితో చీటీ నడిపి, ఎవరి పాటకు ఎంత తగ్గిందో, కమీషన్ పోగా ఎవరికెంత రావాలో వేళ్ళ మీద చెప్పే ఆడవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. గుడ్డ అరచేతి వెడల్పు కూడా వృథా కాకుండా జాకెట్టు కత్తిరించే మనిషికి త్రిభుజం తెలియదంటే నేను నమ్మను. తెలియకపోవడం కాదు, గట్టు దగ్గరికి పిలవరు. కొలిచే రోజు మనం వంటింట్లో పెద్దమనుషులకు భోజనాలు వండుతుంటాం. చేతులు తుడుచుకుని వచ్చి సంతకం పెడతాం.

ఇంకో మాట కూడా వింటుంటాం. అన్నదమ్ముల ముందు టేపు పట్టుకుంటే పుట్టింటి గడప తొక్కగలమా అని. ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. మా అక్క అడిగిన ఏడాది రాఖీకి అన్న ఇంట్లో లేడు. వదిన తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, ఇంకేం మాట్లాడలేదట. చివరికి కాలువ ఇవతల పలక మడిలోంచి ఏడు గుంటలు ఇచ్చారు, మిగతా ఏడు గుంటల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. అది ఆమెకు నష్టమో లాభమో నేను చెప్పలేను. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. సంతకాలకు ముందు కొలిచి ఉంటే అది లెక్క. పదేళ్ళ తర్వాత కొలిచారు కాబట్టి అది తగాదా అయింది.

చట్టం మన పక్కనే ఉంది. రామారావు గారి హయాంలో చేసిన సవరణతో 1985 సెప్టెంబర్ నుంచి మన రాష్ట్రంలో పిత్రార్జితంలో కూతురికి సమాన వాటా వచ్చింది, అప్పటికి పెళ్ళికాని వాళ్ళకు. 2005లో దేశమంతటికీ వచ్చింది, పెళ్ళయిన వాళ్ళకూ వర్తించింది. సమాన వాటా అంటే సమానమైన అంకె కాదు, సమానమైన నేల. పాసుపుస్తకంలో ఎకరాలు, గుంటలే ఉంటాయి, పొలం ఆకారం ఉండదు. పాత టిప్పన్ తీయిస్తే అందులో గట్ల కొలతలుంటాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నిబంధన ఉంది, నాకు ఆ చట్టంలో అన్నిటికంటే నచ్చింది అదే. హద్దులు తేల్చమని మీసేవలో ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఎవరితోనూ పోట్లాడనక్కరలేదు, పొలం మన పేరున ఉంటే చాలు. పటం చేతికొచ్చాక భూమి ఏ గట్టు, ఎత్తు ఎంత అని రెండు మాటలు అడగండి. జవాబు చెప్పకుండా నవ్వితే గుణకారం మీరే చేసుకోండి.

ఈ యాసంగి వరికోతలయ్యాక మా ఇంట్లోనూ పంపకాలు. మా ఆడబిడ్డకు ఇస్తామన్నది కోదాడ వైపు కాలువ పక్క మూల ముక్క. మూడు ఎకరాలని అందరం ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. టిప్పన్ కొలతలు తెప్పించి వేసి చూస్తే 2 ఎకరాల 23 గుంటలే తేలింది. మిగతా 17 గుంటలు మా మడిలోంచి కలపాలని మా ఆయనతో అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత క్యాలిక్యులేటర్ అడిగి తీసుకుని, ఇంకోసారి వేసుకుంటున్నారు.